మూత తీశాకే

కంప్యూటర్ల రిపేరు షాపులో అందరూ అక్కా అని పిలిచే ఆమె, ఏ కంప్యూటరుకైనా సరిపడే కెర్నెల్, అంటే లోపలి భాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము, తయారుచేసే ముందు దాని మూత తీస్తుంది. చిప్పుల మీది దుమ్ము బ్రష్షుతో దులిపి, భూతద్దంలో నంబర్లు చదివి కాగితం మీద రాసుకుంటుంది. ఆరోజు ఆసుపత్రి గుమాస్తా తొందరపెట్టాడు. మధ్యాహ్నంలోగా కంప్యూటరు నడవకపోతే రోగుల చీటీలు ఆగిపోతాయి.

“కిందటేడు మీరు రాసిచ్చిన లోపలి భాగాల జాబితా ఇదిగో అక్కా. మీ చేతిరాతనే మీరు నమ్మరా?”

“రాసింది నేనే. ఏడాదిగా ఈ కంప్యూటరు పక్కన కూర్చున్నది నువ్వు,” అంటూ స్క్రూలు విప్పింది.

లోపల నెట్‌వర్క్ కార్డు వేరేది. జాబితాను నమ్మి చేసి ఉంటే అది పలికేదే కాదు. గుమాస్తా నాలుక కరుచుకున్నాడు.

“పాతది కాలిపోతే మార్పించాం అక్కా. చెప్పడం మరిచాను.”

ఆమె పాత జాబితాలో తన రాతనే కొట్టేసి, కొత్త నంబరు రాసి, తేదీ వేసింది. ఆ కాగితాన్ని కంప్యూటరు లోపల, మూత తీస్తే తప్ప కనబడని చోట అంటించింది.