చలికాలం బొంత

సింగపూర్‌లో చలికాలం గోడకి బిగించి ఉంటుంది. రిమోట్ నొక్కితే వస్తుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. మా ఆయన ఆఫీసులో అయితే పోనే పోదు. కంప్యూటర్లకి చలి కావాలట, అందుకని మనుషులు స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా హడావుడి పడుతున్న రోజులవి. ఆ హడావుడే మమ్మల్ని కాకినాడ నుంచి తెచ్చి హౌగాంగ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో పడేసింది. ఆయన పొద్దున్నే రైలెక్కేవాడు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. అసలే నాది ముక్కు మీద కోపం. రోజంతా నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించేదాన్ని.

ఆ చప్పుడు వినే ఆంటీ వచ్చింది. మా వరండాలోనే రెండు తలుపుల అవతల ఒంటరిగా ఉండేది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ పుట్టడం, పెరగడం, మొగుణ్ణి పోగొట్టుకోవడం అన్నీ ఇక్కడే. ఆవిడ తెలుగు తాత దగ్గర ఆగిపోయింది. ఆ పైన కావలసిన మాటలు అరవంలోంచీ మలయ్‌లోంచీ తెచ్చుకునేది.

"ఏటమ్మాయ్, ఆ గిన్నెలేటి పాపం సేసినాయి?" అంది గుమ్మంలో నిలబడి. "మక్కాన్ అయిందా లేదా? నువ్వు తిననేదేటి?"

తినలేదన్నాను. చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది. అన్నం తింటుండగా చూశాను, హాల్లో నేల మీద మంచమంత గుడ్డ పరిచి ఉంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఆ తర్వాత మూల నుంచి మూలకి మడిచి, ఎనిమిది పొరలూ కలిపి పెద్ద కత్తెరతో కత్తిరిస్తోంది. గీత లేదు, కొలత లేదు. విప్పితే గుడ్డంతా ఒక్కటే ముక్కగా, నడిమధ్య నుంచి ఎనిమిది వైపులకీ సీమపనస ఆకులు. మా బ్లాకు కింద ఉన్న చెట్టు ఆకులే అవి. చుక్కలు పెట్టి గంటసేపు వేసే ముగ్గుని ఒక్క కత్తిరింపులో వేసినట్టుంది. అలాంటిది నాకూ నేర్పమని అడిగాను. మర్నాడు నేను మడత ఉన్న వైపు కత్తెర పెట్టేసరికి నా గుడ్డ ఎనిమిది ముక్కలై ఒళ్ళో పడింది. ఆంటీ పగలబడి నవ్వింది. నాకు మండిపోయింది గానీ మూడో రోజు మళ్ళీ వెళ్ళాను.

హవాయి నుంచి వచ్చిన ఒక దొరసాని ఇంట్లో ఆంటీ వయసులో ఉన్నప్పుడు బట్టలు కుట్టేదట. ఆవిడ నేర్పిన విద్య ఇది. కత్తిరించిన రంగుగుడ్డని తెల్లగుడ్డ మీద పరిచి, అంచుని సూది మొనతో లోపలికి మడుస్తూ, కుట్టు పైకి కనపడకుండా కుట్టాలి. కింద దూది పొర, దాని కింద ఇంకో గుడ్డ. ఆ తర్వాత ఆకు చుట్టూ ఒక వరస కుట్టు, దాని చుట్టూ ఇంకో వరస, అలా బొంత అంచు దాకా. మిషను ముట్టకూడదు. బొంత మీద ఎవరూ కూర్చోకూడదు. ఒక్క బొంతకి ఏడాది పైనే పడుతుంది. ఆంటీ వేలికి తొడుగు పెట్టుకునేది కాదు. సూది గుచ్చుకుని ఎడమ చేతి వేళ్ళకి ఎప్పుడూ ప్లాస్టర్లే.

ఆ దొరసాని దగ్గర నాలుగు కాలాలకి నాలుగు బొంతలు ఉండేవట. ఆంటీ తన కూతురికి అలాంటివి నాలుగూ కుట్టాలని పట్టుబట్టింది. చిగురాకు రంగుది కూతురు పెద్ద చదువులో చేరినప్పుడు ఇచ్చింది. ఎండాకాలానికి ఎరుపుది. ఆకులు రాలే కాలానికి ఇటుకరంగుది, అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పుడు. ఇంక చలికాలానిది మిగిలింది. దొరసాని నాలుగో బొంత ఎప్పుడూ పెట్టెలోనే ఉండేదట, దాని రంగు ఆంటీ చూడలేదు.

"సలికాలం ఏ రంగుంటాదమ్మాయ్?" అని నన్ను అడిగింది.

"నాకేం తెలుసు ఆంటీ? మా కాకినాడలో చలంటే తెల్లవారుజామున దుప్పటి లాక్కోవడమే."

మంచు అనేదాన్ని కళ్ళతో చూడని ఇద్దరు ఆడవాళ్ళం దాని రంగు గురించి వారం రోజులు పోట్లాడుకున్నాం. చివరికి ఆవిడ నన్ను సూపర్ మార్కెట్‌కి లాక్కుపోయి, గడ్డకట్టిన చేపలుండే ఫ్రీజరు తలుపు తీసి, తల లోపల పెట్టి నిలబడింది. అక్కడ పనిచేసే అమ్మాయి కంగారుపడి పరిగెత్తుకొచ్చింది. ఆంటీ తాపీగా తల బయటికి తీసి, "తెలుపు కాదు. సేప కన్ను రంగు," అని తేల్చేసింది. బూడిదరంగులో నీలం కలిసిన గుడ్డ కొన్నాం.

ఆంటీ కూతురు ఒక కొత్త ఇంటర్నెట్ కంపెనీలో పని చేసేది. ఆఫీసుకి దగ్గరని బిషాన్‌లో ఒక కాండో అపార్ట్‌మెంట్‌లో గది తీసుకుని ఉండేది. ఆదివారం హాకర్ సెంటర్‌లోని తిండికొట్ల నుంచి ఏదో పొట్లం కట్టించుకుని వచ్చేది. తల్లి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. తల్లి ఒళ్ళో బొంత ఉంటే దూరంగా కుర్చీలో కూర్చునేది, దాని వైపు చూసేది కాదు. తల్లి వేళ్ళ వైపు మాత్రం ఒకసారి చూసి చూపు తిప్పుకునేది. ఇంత చక్కటి పనిని కన్నెత్తి చూడని ఆ పిల్ల మీద నాకు ఒళ్ళు మండేది.

"మూడు ఇచ్చినాను. ఒక్కటీ మంచం మీద ఎయ్యలేదు," అంది ఆంటీ ఒకరోజు, ఆ అమ్మాయి వెళ్ళిపోయాక. "ఏసీ గదిలో పడుకుంటాది, కొట్లో కొన్న దుప్పటి కప్పుకుంటాది. నా సేత్తో కుట్టింది దానికి అసియ్యం."

"అదేం మాట ఆంటీ?"

"కాదా మరి? ఒక్కసారి కప్పుకుంటే సూడాలమ్మాయ్. ఇంకేటీ అక్కర్లేదు నాకు."

అప్పటికే ఆవిడకి కడుపులో జబ్బు మొదలైంది. ఆకులన్నీ కుట్టడం అయ్యేసరికి ఆసుపత్రివాళ్ళు ఇంక చేయగలిగింది లేదని ఇంటికి పంపేశారు. చేతులు వణికేవి. వరస కుట్లు నన్ను వేయమంది. నేను కుడుతుంటే పక్కన పడుకుని చూసి, బాగోలేదనిపించిన చోట "ఇప్పు" అనేది. పొద్దున కుట్టింది సాయంత్రానికి విప్పించేది. కొన్ని రోజులు ఆవిడంటే నాకు అసహ్యం వేసిన మాట నిజం. చావుబతుకుల్లో ఉన్న మనిషికి కుట్టు వంకర ఎందుకు కనిపించాలి? విసిరికొట్టి మా ఇంటికి వచ్చేసేదాన్ని. కూరలో పోపు వేస్తుంటే ఏడుపొచ్చేది. మళ్ళీ వెళ్ళేదాన్ని.

ఆఖరి ముడి వేసిన రోజు ఆవిడ నన్ను వంటింట్లోంచి పసుపు తెమ్మంది. లేవలేక, పడుకునే వేలు తడిచేసుకుని పసుపులో అద్ది, బొంతని తిరగేసి వెనకవైపు మూలల్లో చిన్న చిన్న చుక్కలు పెట్టింది. కొత్త బట్ట కట్టుకునే ముందు మనం పెట్టుకుంటామే, అదే.

"మా తాత ఇంట్లో ఇలాగే ఎట్టేవోరు," అంది. "అన్నింటికీ ఎట్టినాను."

ఆ ఆదివారం కూతురు వస్తే నాలుగోది చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి "థాంక్స్, మా," అని దాన్ని కుర్చీ వీపు మీద వేసింది. అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. లిఫ్ట్ దగ్గర ఆపి అడిగేశాను. "మీ అమ్మ ఇంకెన్నాళ్ళు ఉంటుందో తెలీదు. ఒక్కసారైనా కప్పుకుని చూపించలేవా?" అన్నాను. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని లిఫ్ట్ బటన్ మళ్ళీ నొక్కింది. లిఫ్ట్ వచ్చింది, వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం ఆంటీకి వణుకు పుట్టింది. బయట ఎండ మండిపోతోంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగలేదు. చివరికి ఆ అమ్మాయి కుర్చీ మీది బొంత తీసి కప్పింది. ఆంటీ కళ్ళు తెరిచి చూసింది.

"తియ్యి. అది నీది. పాడైపోద్ది," అంది.

"కోల్డ్ కదా, మా."

"తియ్యమంటే తియ్యి!"

ఆ అమ్మాయి తీయలేదు. ఆంటీకి తోసేసే శక్తి లేదు. ఒళ్ళు వెచ్చబడుతుందని ఆవిడ గొంతులో పోస్తున్న గంజి ఒలికి బొంత మూల తడిసింది. దాన్ని చూస్తూ ఆవిడ మొహం గోడ వైపు తిప్పేసుకుంది. తర్వాత కూతురితో మళ్ళీ మాట్లాడలేదు. కోపంతోనో, ఓపిక లేకో నాకు తెలియదు. రెండు రోజులకి పోయింది.

ఆ పిల్ల ఏడవలేదు. రాయి అనుకున్నాను.

కర్మకాండలన్నీ అయ్యాక ఫ్లాట్ ఖాళీ చేయడానికి వచ్చింది. సాయానికి నేనూ వెళ్ళాను. మనసొప్పి కాదు, ఆంటీ మీద గౌరవంతో. పాత సామాన్లు పట్టుకుపోయే మనిషిని ఇక్కడ కరుంగ్ గునీ అంటారు. బూర ఊదుకుంటూ తోపుడుబండితో వచ్చాడు. ఆ అమ్మాయి ఆంటీ బట్టల మూటలన్నీ బండికి ఎత్తించింది. బిషాన్ నుంచి తను తెచ్చిన మూడు ప్లాస్టిక్ సంచులు కూడా పడేసింది. తన పాత బట్టలేమో అనుకున్నాను.

అతను వెళ్ళాక నేను వంటింట్లో డబ్బాలు సర్దుతున్నాను. ఆ అమ్మాయి చలికాలం బొంతని బాత్రూంలోకి తీసుకెళ్ళి గంజి పడిన మూలని సబ్బుతో రుద్దుతోంది. ఉన్నట్టుండి కేక వినిపించింది. పరిగెత్తాను. నేల మీద కూలబడి ఉంది. చేతిలో బొంత మూల, దాని మీద ఎర్రటి మరక.

"బ్లడ్, అక్కా," అంది. "ఇందులో కూడా అమ్మ బ్లడ్. రుద్దితే ఇంకా రెడ్ అవుతుంది. ఫస్ట్ టైమ్ కూడా సేమ్."

"ఫస్ట్ టైమ్ ఏంటి?"

అప్పుడు చెప్పింది. చదువుకునే రోజుల్లో చిగురాకు బొంత ఇచ్చిన వారమే దాని మూల మురికైతే సబ్బు పెట్టి ఉతికిందట. ఇలాగే ఎర్రగా పొంగిందట. అమ్మ వేళ్ళకి ఎప్పుడూ గాయాలే కదా, ఆ రక్తమంతా గుడ్డలో ఇంకిపోయి ఉందనుకుంది. భయపడి, నీళ్ళతో జాడించకుండానే చుట్టి సంచిలో పెట్టేసింది. తర్వాత ఇచ్చినవి విప్పి చూడలేదు. "నా కోసం అమ్మ బ్లీడ్ అవుతుంది. అది నేను ఎలా కప్పుకోవాలి? ఐ కాన్ట్, అక్కా."

"మీ అమ్మకి చెప్పలేకపోయావా?"

"చెప్తే కుట్టడం మానేస్తుంది. ఆమెకి అదొక్కటే కదా ఉంది."

నా గుండెలో రాయి పడింది. వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా తెచ్చాను. తెల్లగుడ్డ పేలిక తడిపి, చిటికెడు పసుపు రాసి, దాని మీద సబ్బు రుద్దాను. ఎర్రగా అయింది. ఆ అమ్మాయి కళ్ళార్పకుండా చూస్తోంది. నిమ్మకాయ ముక్క తెచ్చి పిండాను. మళ్ళీ పసుపుపచ్చ అయింది. మన ఇళ్ళలో దిష్టికి ఎర్రనీళ్ళు కలపడం చూసిన ఏ పిల్లకైనా ఇది వింత కాదు. పసుపు, సున్నం, నీళ్ళు, అంతే. ఈ పిల్ల ముందు ఎవరూ కలిపినట్టు లేరు.

"రక్తం కాదు తల్లీ. పసుపు. కొత్త బట్టకి పెడతాం. కట్టుకునేవాళ్ళు చల్లగా ఉండాలని."

"అన్నిటికీ పెట్టిందా?"

"అన్నిటికీ."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

మాకు ఎవరు చెప్పారు గనక? అమ్మ పెడుతుంటే చూస్తాం, మనమూ పెడతాం. కూతురు లేనప్పుడు ఆంటీ ఒక్కతే కూర్చుని పెట్టుకుంది, అంతే తేడా. ఆ మాటే అన్నాను.

ఆ అమ్మాయి ఒక్కసారిగా లేచింది. "బ్యాగ్స్," అంది. ఆ మూడు సంచుల్లో ఏముందో నాకు అప్పుడు తెలిసింది. చెప్పులు కూడా లేకుండా కిందికి పరిగెత్తింది. నేను వరండా పిట్టగోడ మీంచి చూస్తూ నిలబడ్డాను. సీమపనస చెట్టు దగ్గర అటూ ఇటూ చూసింది. పక్క బ్లాకు వైపు పరిగెత్తింది, కార్ పార్కులోకి పోయింది, రోడ్డు మీదికి పోయింది. బూర చప్పుడు ఎక్కడా లేదు. చాలాసేపటికి లిఫ్ట్‌లోంచి దిగి, తడి పాదాలకి అంటిన మట్టితో లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. వసంతం, ఎండాకాలం, ఆకులు రాలే కాలం, మూడూ పోయాయి.

ఆంటీ పడుకునే మంచం ఇంకా తీసేయలేదు. దాని మీద పడుకుంది. బాత్రూంలోంచి బొంత నేనే తెచ్చి ఇచ్చాను. మెడ దాకా లాక్కుంది. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి సెగ కొడుతోంది, ఆ ఇంట్లో ఏసీ లేదు. నిమిషంలో మొహమంతా చెమట. అయినా బొంతలోంచి చెయ్యి బయటికి తీయలేదు.

"అక్కా," అంది. "ఫ్యాన్ ఇంకా ఫాస్ట్ పెట్టవా? నాకు చలి వెయ్యాలి."

స్విచ్ చివరిదాకా తిప్పాను.