కాలు చాపలేని రోజులు

ప్రగతి నగర్‌లో మా పాపను చూసిన పిల్లల డాక్టరుగారు మొన్న పోయారు. మాదాపూర్ ఆఫీసులో ఉండగా పక్కింటి అక్క ఫోన్ చేసింది. "సార్ పోయిండ్రట. గుండె ఆగిందట."

నిరుడు వానాకాలంలో మా ఆరేళ్ల పాపకు కుడి తుంటి నొప్పి, జ్వరం మొదలయ్యాయి. ఆసుపత్రిలో తుంటికి ఎక్స్‌రే, స్కాన్ తీశారు. కీలు బాగుంది, వైరల్ జ్వరాల తర్వాత పిల్లలకు ఇలా వస్తుంది, పడుకోబెట్టండి అన్నారు. ఇంకోచోటా అదే మాట. పాప మాత్రం మోకాలు పొట్టకేసి ముడుచుకునే ఉండేది. దుప్పటి సర్దబోయినా కేక పెట్టేది. అన్నం మానేసింది. రిపోర్టులన్నీ బాగున్నాయి, పిల్ల నా కళ్ల ముందే చిక్కి సగమైంది. ఎవరిని అడగాలో తెలియక బాత్రూం తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

చివరికి పాపను ఎత్తుకుని ఈ డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. రిపోర్టులు ఇస్తే పక్కన పెట్టారు. ముందు పిల్లను చూడటం ఆయన అలవాటు. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాకే ముట్టుకునేవారు.

"బంగారూ, కాలు గుంజను. నువ్వెట్ల పెట్టుకున్నవో గట్లనే ఉండనీ."

ముడిచిన కాలిని అలాగే పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పారు. పాప ఏడవలేదు. కొంచెం చాపబోయారు. అరిచింది. ఆయన ముఖం మారిపోయింది.

"తిప్పితే ఏడ్వలే, కీలు మంచిగనే ఉందమ్మా. కడుపు వెనక, వెన్నుపూస పక్క నుంచి తొడకు దిగే కండరం ఒకటుంటది. అండ్ల చీము పట్టినట్టుంది. ఇప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె."

"బతుకుతదా సార్?"

"నాకు తెల్వదమ్మా. జల్ది పోదాం."

క్లినిక్కు మూసి మా ఆటోలోనే ఎక్కారు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆటో కదలక నేను దేవుళ్లందరినీ తిడుతుంటే, ఆయన పాప నుదుటి మీద చేయి తీయలేదు. పెద్దాసుపత్రిలో స్కానింగ్ డాక్టరు, తుంటి స్కాన్ అయింది కదా అన్నాడు. "తుంటి కాదు నాయనా, కడుపు జూడు. జర జూడు," అని అంత పెద్దమనిషి బతిమాలారు.

చీము కనబడింది. గొట్టం వేసి తీశారు. వారాల తరబడి మందులు వాడాక పాప నడిచింది. నేను చేతులు జోడిస్తే, "పిల్ల కాలు ముడిచి చెప్తనే ఉన్నదమ్మా. మనకే ఇనబడలే," అన్నారు.

నిన్న క్లినిక్కుకు వెళ్లాను. షట్టరుకు పూలదండ వేలాడుతోంది. మెట్టు మీద ఒక తల్లి, చంకలో చిన్నపిల్ల. తెల్లాపూర్ నుంచి వచ్చిందట.

"కుంటుతున్నదక్కా. దవాఖానల ఏం లేదన్నరు. ఈ సార్‌కు చూపియ్యమన్నరు. ఎప్పుడొస్తరు?"

దండను చూస్తూనే అడుగుతోంది. చంకలోని పిల్ల ముందుకు వంగి, చిన్న అరచేత్తో షట్టరు తడుతోంది.