జావ తాగినవా అని అడిగే ఆయమ్మ

పర్ణశాల దగ్గరి మా పాత దవాఖానా నుంచి కాంపౌండర్ ఫోన్ చేశాడు. "ఆయమ్మ పోయింది సిస్టర్. రెండు రోజులు జరమొచ్చింది, గంతే" అన్నాడు. ఫోన్ పెట్టేసి డ్యూటీకి వెళ్లిపోయాను. వార్డులో ఒక ముసలమ్మ నాడి చూస్తూ లెక్క తప్పాను. మళ్లీ చూశాను, మళ్లీ తప్పాను. అప్పుడొచ్చింది ఏడుపు.

మా దవాఖానా అంటే ఆరు మంచాలు, వెనక రేకుల వంటపాక. ఊడవడం, తుడవడం, కాన్పులకు చెయ్యందించడం ఆయమ్మ ఉద్యోగం. కోయ గూడేల నుంచి ఎవరొచ్చినా, నేను చీటీ రాయకముందే ఆమె అడిగేది: "జావ తాగినవా?" లేదంటే పొయ్యి మీద బియ్యపు నూకల జావ ఉండనే ఉండేది. గరిటె పైకెత్తి ధార చూసి, "ఇది పెద్దోళ్లకు. ఇంకిన్ని నీళ్లు పోస్తే పిల్లలకు" అనేది. నేను ఎవరినైనా కసురుకుంటే, "సిస్టరమ్మా, నువ్వు గూడ తాగలే గదా?" అని నవ్వేది. చాలాసార్లు అది నిజమే.

తరవాత రెండేళ్లు గల్ఫ్‌లో పనిచేశాను. మా నర్సుల హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా ఏం కాయాలో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. కేరళ అమ్మాయి కంజి అనేది, ఫిలిప్పీన్స్ అమ్మాయి లుగావ్, ఇండోనేషియా ఆమె బుబుర్. ఆస్పత్రి వంటింటి చార్టులో ఇంగ్లీషులో కాంజీ అని ఉండేది. మన దక్షిణాది కంజే దొరల నోట్లో పడి అలా అయిందట. గిన్నెలో మాత్రం మా ఆయమ్మ జావే. సెలవుల్లో వచ్చి ఆ పేర్లన్నీ చెబితే ఆయమ్మ నోరు తెరుచుకుని విన్నది. "గట్లనా! అయితే అందరికీ జరమొస్తదన్నట్టు" అంది. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

నేను పుట్టింది మధిర వైపు రైతుల ఇంట్లో. మాకు గంజి అంటే వార్చి గేదెలకు పోసేది, చీరలకు పెట్టేది. దాని విలువ నాకు తెలిసింది కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు, వానాకాలంలో.

ఒక కోయ తల్లి రెండేళ్ల పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. వాంతులు, విరేచనాలు. పిల్ల కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. వాగు పొంగి మందులు తెచ్చే జీపు ఆగిపోయింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. "అన్నం ఎప్పుడు పెట్టావు?" అని అడిగాను. పెట్టలేదన్నట్టు తలూపింది. పిల్లను పస్తులుంచావా అని ఆమె మీద అరిచి, చీటీ మీద 'ఆహారం లేదు' అని రాశాను.

ఆయమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చింది. "అన్నమంటే వాళ్లకు పండుగ తిండి సిస్టరమ్మా. గట్ల అడిగితే లేదనే అంటరు" అంది. తల్లి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అడిగింది. అందులో నాకు అర్థమైంది 'జావ' ఒక్కటే. తల్లి నా వైపు చూడకుండా జవాబిచ్చింది. "పొద్దుగాల గూడ తాగిందట" అంది ఆయమ్మ.

సిగ్గేసింది. అయినా ట్రైనింగులో చెప్పింది వదల్లేదు. వాంతులు ఆగేదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దన్నాను. ఆయమ్మ నా యూనిఫాం చీర కొంగు రెండు వేళ్లతో పట్టుకుంది. ఇస్త్రీకి పెళపెళలాడుతోంది.

"గంజి పెడితే బట్ట నిలబడ్తది. పిల్ల నిలబడదా?"

సెలైన్ సీసా ఎలాగూ లేదు. సరే ఇవ్వమన్నాను.

జావలో నీళ్లు కలిపి పల్చగా చేసి, ఉప్పు వేసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక చెంచా. కక్కితే మూతి తుడిచి, కాసేపాగి, మళ్లీ ఒక చెంచా. అప్పటికి పొద్దున పదయింది. నేను వచ్చి నాడి చూసి పోతున్నాను. నిన్నటి నుంచి పిల్ల ఉచ్చ పోయలేదు. ఇంకా రాకపోతే మా చేతుల్లో ఏమీ లేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

మూడింటికి ఆయమ్మ ఒక్క కేక పెట్టింది. నేను పరుగెత్తాను. పిల్ల ఆమె ఒళ్లో ఉచ్చ పోసింది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆయమ్మ పిల్లను ఆమె చేతుల్లో పెట్టి లేచింది. తడిసిన చీర కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పెళ్లికి పెట్టిన పట్టుచీర చూపించినట్టు, వరండాలో కూర్చున్న ఒక్కొక్కరికీ చూపిస్తూ పోయింది.