ఎడమ చెవిలో పిలుపు

మొన్న మోకాలి నొప్పి చూపించుకుందామని నల్లగొండలో దవాఖానకు వెళ్లాను. ఎక్స్‌రే గది ముందు బల్ల మీద కూర్చుని ఉంటే, లోపలి నుంచి ఒకతను తడి ఫిల్మును అంచులు పట్టుకుని తెచ్చి కిటికీ దగ్గర తీగకు తగిలించాడు. ఫిల్ము కడిగే హైపో మందు వాసన గుప్పుమంది. ముక్కును పొడిచే ఆ పుల్లటి వాసన పీల్చి ఎన్నాళ్లయిందో! కళ్లు మూసుకున్నాను. చీకటి గది, ఎర్ర దీపం, నా వెనక నిలబడి "తొందరపడకు శాంతా, మొహం దానంతట అదే పైకి వస్తుంది" అంటున్న సకీనా ఆపా. పక్కనున్న ముసలామె "ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని భుజం కుదిపేదాకా నేను ఆ గదిలోనే ఉన్నాను.

అక్క అన్న అర్థంలో మేం ఆపా అని పిలిచే సకీనాను ఎరిగినవాళ్లు ఇప్పుడు నాకు తెలిసి ఎవరూ లేరు. నిజాం పాలన చివరి ఏళ్లలో హైదరాబాదులో ఆమెకు ఫోటో స్టూడియో ఉండేది. మగవాళ్లకు ప్రవేశం లేదు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు తెరలు కట్టిన బండ్లలో వచ్చి ఫోటోలు దిగి వెళ్లేవారు. ఆ ఫోటోలు కడిగే మనిషి కూడా ఆడదే కావాలి. నేను నల్లగొండలో మిషన్ బడిలో చదువుకున్నదాన్ని. మా నాయిన చెప్పులు కుట్టేవాడు. తాత కాలంలోనే మా ఇంటిల్లిపాదీ క్రైస్తవంలో కలిశారు. పాదిరిగారి భార్య సిఫారసు చేస్తే ఆపా నన్ను పిలిపించింది. నా కులం అడగలేదు, మతం అడగలేదు. "చీకటంటే భయమా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "కొంచెం ఉండాలి" అంది. ఆ మాటకు అర్థం నాకు చాలాకాలం తెలియలేదు.

కొన్నేళ్లకు ఆపా కదిలే బొమ్మలు తీసే కెమెరా కొన్నది. ఆ సంగతి విని, దేవరకొండ అవతల ఒక ఊరి గడీ నుంచి దొరసాని కబురు పంపింది. ఆ ఊళ్లో కిన్నెర వాయించే సాయన్న అనే ఆయన చనిపోయాడట. ఆయన పాట, ఆయన కథ ఒక చిత్రంగా నిలబెట్టాలట. మేం ముగ్గురం బయలుదేరాం. కెమెరాతో ఆపా, ఫిల్ము కడగడానికీ తెలుగు మాట్లాడటానికీ నేను, రికార్డు కోసే యంత్రంతో హబీబ్ చాచా. ఆయన ఆపాకు పినతండ్రి. మనిషి గొంతును నల్లటి పళ్లెం మీద సన్నటి గీతలుగా దించే విద్య ఆయన దగ్గరుంది. నాకు కిన్నెర కొత్త కాదు. సొరబుర్రలు కట్టిన పొడుగాటి కర్ర, కొసన నెమలి ఈకలు. నా చిన్నప్పుడు ఏడాదికోసారి కిన్నెర వాళ్లు మా వాడకు వచ్చి మా కులం పుట్టుక కథ మాకే పాడి వినిపించేవారు. గడీల్లోకి మాత్రం వాళ్లను రానిచ్చేవారు కాదు.

సాయన్ననూ రానివ్వలేదు. దొరసాని మేడ మీద కిటికీకి తెర వేసుకుని మాతో మాట్లాడింది. "గీ గోడకు ఇవతల నేను, అవతల గాయన. పొద్దుగూకే యాల్లకు మొదలువెడ్తుండె. ఎన్నేండ్లు ఇన్ననో! మొఖం మాత్రం ఒక్కనాడు సూడలే. నాకు గా మొఖం గావాలె." చనిపోయిన మనిషిని ఎలా తీస్తాం, ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు కదా అని ఆపా నా చేత అడిగించింది. "తమ్ముడున్నడు. అచ్చు గుద్దినట్టుంటడట. గాయన్నే కూసోవెట్టి తియ్యుండ్రి" అన్నది దొరసాని. అది కోరిక కాదు, ఆజ్ఞ. ఆ ఊళ్లో గడీ మాటకు ఎదురు లేదు.

తమ్ముడి పేరు బక్కయ్య. బతికినన్నాళ్లు అన్న ముందు పాడితే ఈయన వెనక వంత పాడేవాడు. ఎన్నడూ కిన్నెర పట్టలేదు, ముందు గొంతు ఎత్తలేదు. "నాకు రాదమ్మా" అని నాతో మెల్లగా అన్నాడు. "కూసోమన్నరు గన్క కూసుంట." సాయన్న భార్య రాములమ్మ వచ్చి పెనిమిటి తలపాగాను మరిది తలకు చుట్టింది. ఆ చుట్టు ఆమెకొక్కదానికే తెలుసట. చుట్టడం అయ్యాక ఒక్క అడుగు వెనక్కి వేసి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది. బక్కయ్య గడీ గోడకు, సాయన్న వీపు ఒరిసి ఒరిసి నున్నబడ్డ చోట ఆనుకుని కూర్చున్నాడు. కిన్నెర రొమ్ముకు ఆనించాడు. ఆపా కెమెరా పిడి తిప్పసాగింది. ఆయన వేళ్లు కాసేపు తడుముకున్నాయి. ఆ తర్వాత తడుముకోలేదు. వీధిలో పోతున్నవాళ్లు నడక ఆపి నిలబడిపోయారు. వాళ్ల మొహాల్లో సంతోషం లేదు.

సాయంత్రం హబీబ్ చాచా రికార్డు పెట్టి వినిపించాడు. పాట వచ్చింది. చరణం చివర ఇంకో గొంతు ఆ మాటనే అందుకుని సాగదీసింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యంత్రం ముందు కూర్చున్నది ఒక్క మనిషే. పక్కన ఎవరూ పాడలేదు. చాచా సూది మార్చి మళ్లీ పెట్టాడు. మళ్లీ రెండు గొంతులే. బక్కయ్య గోడ దగ్గర గొంతుక్కూర్చుని తల వంచుకుని విన్నాడు.

"గా వంత నాది" అన్నాడు చివరికి. "ముందుగాల పాడింది నేను గాదు."

చాచా అప్పుడే యంత్రం సర్దడం మొదలుపెట్టాడు. ఆపా మాత్రం, గోడకు తగిలి గొంతు మారుమోగి ఉంటుందని నచ్చజెప్పింది. ఆమెకు తన పని మీద అంత నమ్మకం. రెండో రోజు కూడా తీశాం. ఆ రోజు నేను గమనించినది ఒకటుంది. సాయన్నకు ఎడమ చెవి వినబడేది కాదని ఊళ్లో అందరూ చెప్పారు. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పి కుడి చెవి ఒగ్గేవాడట. మధ్యాహ్నం బక్కయ్య భార్య లచ్చవ్వ చంకలో బిడ్డతో అంబలి తెచ్చి, ఎడమ పక్కన నిలబడి పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. ఆయన ముందుకే చూస్తున్నాడు. ఆమె తిరిగి కుడి పక్కకు వచ్చి పిలిస్తే, మెడ తిప్పి, ఈమె ఎవరా అన్నట్టు చూశాడు. ముంత ఆమె చేతిలోంచి జారి పడింది.

మూడో రోజు పొద్దున్నే రాములమ్మ మేం దిగిన చావడికి వచ్చింది. నేల చూస్తూ చెప్పింది.

"రాత్రి మా మరిది నా గుడిసె ముందటికొచ్చి నిలవడ్డడు. 'పిట్టా, నీళ్లు దే' అన్నడు. గా పేరు నా పెనిమిటి ఒక్కడే పిలుస్తుండె. నాకూ ఆయనకూ తప్ప ఎవ్వరికీ ఎరుక లేదు."

"నువ్వేం చేసినవక్కా?" అన్నాను.

"ఇచ్చిన. ఇయ్యకుండ ఎట్లుంట? మల్లొక్కసారి పిలిస్తె సాలని నాకు లేదా?" ఆమె తల అడ్డంగా ఊపింది. "గని అది నా ఇల్లు నింపి లచ్చవ్వ ఇల్లు కూల్సుడు. పాట నడుమల ఆగి సచ్చిపోయిండమ్మా మావోడు. గా కథ ఇయ్యాల ఆయన ఆగిన చరణం దాకొస్తది. దాన్ని దాటియ్యకుండ్రి. దాటితె మా బక్కయ్య మల్ల రాడు."

ఆమె మాటలు ఆపాకూ చాచాకూ ఉర్దూలో చెప్పాను. చాచా "సకీనా, పోదాం" అన్నాడు. గడీ మాట కాదని ఊరు దాటగలమా అన్నది ఆపాకు ఒక బెంగ. ఆమె మనసులో ఇంకోటి కూడా ఉందని నాకు తెలుసు. తన జీవితంలో అంత గొప్ప బొమ్మ ఆమె ఎన్నడూ తీసి ఉండలేదు. "కెమెరా పెట్టు శాంతా" అంది. నాకు ఆమె మీద అసహ్యం వేసింది. అయినా పెట్టాను.

పొద్దు వాలుతోంది. బక్కయ్య కూర్చున్నాడు. పైన కిటికీ తెర కదిలింది. లచ్చవ్వ దూరంగా బిడ్డను హత్తుకుని నిలబడి ఉంది. పాట సాగుతున్నకొద్దీ బక్కయ్య మొహం నున్నబడుతూ వచ్చింది, నీళ్లలో వేసిన కాగితం మీద బొమ్మ తేలినట్టు కాదు, తేలిన బొమ్మ మళ్లీ కరిగిపోతున్నట్టు. రాములమ్మ పెదవులు చరణాలను లెక్కపెడుతున్నాయి. ఒక చోట ఆమె చేయి పైకెత్తింది. సాయన్న ఆగిన చోటు అదే.

కెమెరా చప్పుడు ఆగింది. ఆపా పిడి వదిలేసి, నడిచి వెళ్లి, కిన్నెర తీగల మీద తన అరచేయి పెట్టింది. పాట ఆగింది గాని ఆయన పెదవులు ఆగలేదు. కళ్లు ఆమెను చూడటం లేదు.

"ఎందుకాపిన్రు?" పైనుంచి దొరసాని.

ఆపా తల ఎత్తి ఉర్దూలోనే జవాబిచ్చింది. "మీరు అడిగింది బొమ్మ. ఇక్కడ పోతున్నది మనిషి." ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు భయమేసింది. చెప్పాను.

ఆపా లచ్చవ్వను దగ్గరికి పిలిచింది. ఆమె కుడి వైపు వెళ్లబోయింది. "అటు కాదు" అంది ఆపా నాతో. "ఎడమ చెవిలో పిలవమను. ఆ చెవి చనిపోయినాయనకు లేదు. ఈయనకు ఉంది."

లచ్చవ్వ మోకాళ్ల మీద కూర్చుని ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి పిలిచింది. "బక్కయ్యా!" పెనిమిటి పేరు ఎన్నడూ నోట పలికి ఎరగని మనిషి. "బక్కయ్యా, ఇంటికి రా. బిడ్డ ఏడుస్తాంది. బక్కయ్యా!" ఎన్నిసార్లు పిలిచిందో చెప్పలేను. ఆమె గొంతు బొంగురుపోయింది. అప్పుడు ఆయన మెడ ఎడమ వైపుకు తిరిగింది. భార్యను చూశాడు. తలపాగా బరువుగా ఉన్నట్టు చేత్తో తడిమి, "ఇది నా తలకెందుకున్నది?" అని అడిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాములమ్మ వచ్చి తలపాగా విప్పింది. విప్పుతున్నప్పుడు ఆమె కూడా ఏడ్చింది, అందరికంటే ఎక్కువగా.

మాకేమవుతుందోనని భయపడుతూ ఆ రాత్రి గడిపాం. తెల్లారి దొరసాని నుంచి ఒకే మాట వచ్చింది: మీకు తోచినట్టు తీయుండ్రి. ఆపా ఆ ఖాళీ చోటును తీసింది. గోడ మీద నున్నటి మచ్చ, గుడిసెలో వేలాడే కిన్నెర, రాములమ్మ చేతులు, పాటలు విన్నవాళ్ల మొహాలు. బక్కయ్య వేషం ఉన్న, ఇంకా కడగని రీళ్లను ఎర్రటి ఎండలో విప్పి నల్లబరిచింది. తీసుకున్న నిర్ణయం ఆమెకు తేలికేం కాలేదు. రికార్డును రాములమ్మ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని కాసేపు నిలబడి, కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఏం చేసిందో మేం అడగలేదు.

తయారైన బొమ్మను గడీ లోపల తెల్ల దుప్పటి కట్టి వేశాం. దానికి గొంతు లేదు, రీలు తిరిగే చప్పుడు తప్ప. దొరసాని తెర పక్కకు జరిపి చివరిదాకా చూసింది. దుప్పటి మీద ఖాళీ గోడ వచ్చినప్పుడు చేయెత్తి, "జర సప్పుడు జేయకుండ్రి" అంది. "ఇనబడ్తాంది." నాకేమీ వినబడలేదు. ఆపా వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకుని, తల చాలా మెల్లగా ఊపుతోంది.

ఆ తర్వాత రోజులు మారిపోయాయి. స్టూడియో మూతపడింది. ఆపా జబ్బుపడి చనిపోయింది. నేను నల్లగొండకు వచ్చి పెళ్లి చేసుకుని, కొన్నేళ్లు చిన్న స్టూడియో నడిపాను. ఒకసారి ఆ ఊరు వెళితే బక్కయ్య కనబడ్డాడు. ముసలివాడైపోయాడు. "పొద్దుగాల మెలకువొస్తది గని లెవ్వనమ్మా" అన్నాడు. "లచ్చవ్వ నా పేరు వెట్టి పిలిస్తెనే లేస్త." పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఆమె ఆ మాటకు నవ్వలేదు.

నా భర్త జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడు. ఊరందరి ఫోటోలు తీసినదాన్ని, ఆయన ఫోటో ఒక్కటీ తీసుకోలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను. మా మరిది దేవదాసుది అన్న పోలికే, నవ్వితే మరీను. నా ఏడుపు చూడలేక ఒకరోజు తనే అన్నాడు: "వదినా, అన్న అంగీ ఇయ్యి. తొడుక్కుని కూసుంట. పటం ఉంటది గదా." అంగీ తెచ్చాను. కుర్చీ వేశాను. దీపాలు వెలిగించాను. అతను గుండీలు పెట్టుకుంటూ తల వంచాడు. ఆ వంచడం అచ్చు నా భర్తదే. ఇంకొక్క క్షణం ఆగితే చాలు, ఆయన కూర్చుంటాడు.

"దేవదాసూ" అన్నాను గట్టిగా. అతను ఉలిక్కిపడి తలెత్తాడు. "అంగీ ఇప్పెయ్ బిడ్డా. చాయ్ పెడ్త, తాగి ఇంటికి పో."

మా ఇంట్లో నా భర్త పటం లేదు.