వంగిన చేతికి కుర్తా

పోయిన నెల ఒక ఉదయం పుంగనూరు నుంచి సారు, మా మేడం భర్త, ఫోన్ చేశారు. "మీ మేడం పోయిందమ్మా," అన్నారు.

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి ఇంజనీరింగు కాలేజీలో ఆమె నాకు పాఠాలు చెప్పారు. ఏ ప్రాజెక్టు తీసుకెళ్లినా ముందు "ఇది ఎవురికి?" అని అడిగేవారు. జవాబు లేకపోతే మిగతాది వినేవారు కాదు. తర్వాత నేను కుప్పంలో, మనుషులకు బట్టలు తొడిగే రోబో మీద పనికి చేరాను. అప్పుడు మాత్రం ఆమె అడగలేదు. అప్పటికే నరాల జబ్బుతో ఆమె కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగి బిగుసుకుపోయింది. చీరలు మానేసి కుర్తాలకు మారారు. రోజూ సారే తొడిగేవారు. తొడిగినంతసేపూ ఆమె గోడవైపు చూస్తుండేవారట.

గుడ్డ ఒక్కోసారి ఒక్కోలా ముడతపడుతుంది. అన్నీ నిజం బట్టలతో నేర్పాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని కంప్యూటరులోనే బట్టల బొమ్మలు, వాటిలోకి దూరే చేతుల బొమ్మలు తయారుచేసి రోబోకు చూపిస్తాం. అలా నేర్చుకున్న మా రోబో, దుకాణాల్లో ఉండే ప్లాస్టిక్ బొమ్మకు చక్కగా కుర్తా తొడిగింది. ఆ మాట విని మేడం కుప్పం వచ్చారు. "నాకు తొడగమను," అన్నారు.

కుర్తా చెయ్యి మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది. లోపల ఆమె బొటనవేలు గుడ్డలో చిక్కుకుంది. రోబోకు అది తెలియక లాగింది. మేడం ముఖం చూసి నేనే స్విచ్ నొక్కాను.

"ఇంక వద్దు మేడం, ఆపేద్దాం."

"యాల ఆపేది? మీ బొమ్మల్లో అన్నీ చాపిన చేతులే ఉండాయి. నా మాదిరి చెయ్యి యాడుంది? చూపిస్తే కదమ్మా దానికి తెలిసేది," అన్నారు వేలు ఊదుకుంటూ.

ఆ సాయంత్రమే తన చేతి కొలతలు ఇచ్చి వెళ్లారు. వాటితో కొత్త బొమ్మలు మొదలుపెట్టేసరికి మేడం ఊపిరి అందక మదనపల్లె ఆసుపత్రిలో చేరారు. చూడ్డానికి వెళ్తే, "మోచెయ్యి దాటిందా?" అని అడిగారు. ఇంకా లేదన్నాను. కళ్లు మూసుకుని పడుకున్నారు.

ఆమె పోయాక, ఆ బొమ్మ చేతి మీద కుర్తా మోచెయ్యి దాటింది. మాలో ఎవరికీ సంతోషం కలగలేదు. తెర మీద రకరకాల గుడ్డల్లో, వెలుగుల్లో ఆమె చెయ్యే వస్తూ ఉంది. ఆ చెయ్యి బొమ్మను ఉంచాలో తీసేయాలో తోచక లాప్‌టాప్ పట్టుకుని పుంగనూరు వెళ్లి సారును అడిగాను.

ముఖం లేని బూడిదరంగు చెయ్యి. దాని మీదుగా నీలం గుడ్డ మెల్లగా పైకి జరుగుతోంది. ఆయన తెర దగ్గరికి వంగి చూశారు.

"ఉండనీమ్మా," అన్నారు. "ఆ గుడ్డ మణికట్టు కాడ పైకి పోయింది సూడు. కొంచెం కిందికి దించు. ఆమె సలికి ఓర్చుకోలేదు."

దించాను. ఆయన లాప్‌టాప్ మూయనివ్వలేదు.