ఇంకొక్క కోటు

మా బాబాయికి ఒకే ఒక్క వ్యసనం ఉంది. పొగ తాగడు, పేక ముట్టడు, ఎవరి మీదా చాడీలు చెప్పడు. కానీ ఏ వస్తువుకైనా రంగు వేయడం మొదలుపెట్టాడంటే ఆపడు. రంగు వేయడం పూర్తయిన వస్తువంటూ ఈ భూమ్మీద ఒకటి ఉంటుందని ఆయన నమ్మడు. రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి, సంతాపసభలో మాట్లాడే గొంతుతో "ఇంకొక్క కోటు" అంటాడు. మా కుటుంబంలో ఇంతకన్నా భయపెట్టే మాట మరొకటి లేదు.

వృత్తిరీత్యా ఆయన పళ్ళసెట్లు తయారుచేస్తాడు. ఆయన చేసిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు కారణం లేకుండా నవ్వుతూ తిరుగుతుంటారు, ఆ మెరుపు అలాంటిది. కాకపోతే ఆ మెరుపు వచ్చేలోగా వాళ్ళు చాలాకాలం గంజి తాగి బతకాలి. "నా పళ్ళండీ..." అని బోసినోటితో ఏ పెద్దమనిషైనా దీనంగా అడిగితే, "ఇంకొక్క పాలిషండీ" అంటాడు. పళ్ళడాక్టరు స్వయంగా వచ్చి ఆయన చేతిలోంచి దవడ లాక్కుపోయిన సందర్భాలున్నాయి.

ఇక వాళ్ళ వీధిగేటు. అది ఆకుపచ్చ గేటు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది తడిగానే ఉంది. నేను వాళ్ళ మేడమీద గదిలో ఉంటాను కాబట్టి రోజూ ఆ గేటు దాటాలి. చేత్తో ముట్టుకున్నవాడు అరచేయి పచ్చగా చేసుకుని వెళ్తాడు. అందుకని ఇంట్లోవాళ్ళమంతా చలికాలంలో కూడా గొడుగు పట్టుకు తిరుగుతాం. వాన కోసం కాదు, గొడుగు కొనతో గేటు తోయడానికి.

ఆ ఇంట్లో గొడుగు పట్టని మనిషి ఒక్కరే ఉండేవారు. పిన్ని వాళ్ళ నాన్నగారు. నేను తాతగారనే పిలుస్తాను. ఓ పెద్ద అచ్చాఫీసులో జీవితమంతా ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. చెవి మీద ఎర్ర పెన్సిలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పొద్దున్నే దినపత్రిక తీసుకుని, వార్తలు చదవరు, తప్పులు దిద్దుతారు. ఆయన చదివేశాక ఆ పత్రిక రక్తసిక్తమై ఉండేది. ఈమధ్య మాత్రం పత్రిక తెల్లగా, క్షేమంగా బయటపడుతోంది. "పత్రికలవాళ్ళు బాగుపడ్డారోయ్! ఒక్క తప్పు దొరకట్లేదు" అని ఆయన సంతోషించారు. మేమూ సంతోషించాం. బాబాయి ఒక్కడే ఆ పత్రిక తీసి, ఓసారి తిరగేసి, మడిచి పక్కన పెట్టాడు.

తాతగారికి ఓ మోటార్‌సైకిలుంది. ఆయన దర్జా అంతా దానిలోనే ఉంది. మీగడరంగు ట్యాంకు, రెండు పక్కలా ముదురెరుపు గీత. దాని మీద రోజూ సాయంత్రం ఊరి అవతలి చివర ఉన్న, ఒకప్పుడు అదే అచ్చాఫీసులో అక్షరాలు పేర్చిన పాత కంపోజిటరు ఇంటికి చదరంగం ఆడటానికి వెళ్తారు. ఒకరోజు అలా వెళ్ళినవారు నడుచుకుంటూ తిరిగొచ్చారు, బండిని తోసుకుంటూ. ట్యాంకు ఓ పక్క చొట్టపోయి, రంగంతా గీరుకుపోయింది.

పిన్ని లబోదిబోమంది. "ఏమైంది నాన్నా?"

"నీళ్ళ లారీ వచ్చి గుద్దింది."

"అయ్యో! ఎంత స్పీడుగా వచ్చింది?"

"స్పీడేం లేదు. నిలబడి ఉంది."

నిలబడి ఉన్న లారీ వచ్చి గుద్దడం ఎలా సాధ్యమో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"కళ్ళు ఒకసారి చూపించుకోండి నాన్నా" అంది పిన్ని నెమ్మదిగా.

"నా కళ్ళకేం? లక్షల పేజీలు దిద్దిన కళ్ళివి! లారీ కళ్ళు చూపించండి ముందు!" అని ఆయన విసురుగా లోపలికి పోయారు. పోతూ గేటు పట్టుకున్న అరచేతిని లాల్చీకి తుడుచుకున్నారు. లాల్చీ మీద అయిదు పచ్చటి వేళ్ళు పడ్డాయి.

అప్పుడు బాబాయి గొంతు సవరించుకుని అన్నాడు. "మామగారూ, ట్యాంకు సంగతి నాకొదిలేయండి. ఇంట్లోనే రంగు వేసేస్తాను."

పిన్ని గోడకి చేరగిలబడింది. నేను మెట్ల మీద కూలబడ్డాను. తాతగారు మాత్రం, పాపం, "మంచిదల్లుడూ. ఈ వారంలో అయిపోతుందిగా?" అన్నారు.

"ఎంతసేపండీ" అన్నాడు బాబాయి.

పెట్రోలు వంచేశాడు. ట్యాంకు విప్పి పెరట్లో రోజుల తరబడి ఎండబెట్టాడు. చొట్ట సరిచేసి, పుట్టీ పెట్టి, నీళ్ళు చల్లుకుంటూ గరుకు కాగితంతో రుద్దాడు. ఎంత రుద్దాడంటే, ఇంకాస్సేపు రుద్దితే ట్యాంకు అరిగి టీకప్పు అవుతుందని మేం భయపడ్డాం. రంగు వేసే ఘట్టం వచ్చాక ఇంట్లో ఫ్యాన్లు నిషేధించాడు, చీపురు నిషేధించాడు, దుప్పటి దులపడం దేశద్రోహం కింద జమకట్టాడు. "దుమ్ము లేని చోటు ఇంట్లో ఒక్కటే ఉంది" అని ప్రకటించి, ట్యాంకుని తీసుకెళ్ళి బాత్‌రూమ్‌లో షవరుకి తీగతో వేలాడదీశాడు.

ఆ విషయం తెలియక పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిన నేను, మసక వెలుతురులో తల లేని తెల్లటి మొండెం వేలాడుతుంటే చూసి పెట్టిన కేక గురించి వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది మొదలు కుటుంబమంతా పక్కింట్లో స్నానాలు చేశాం. పక్కింటావిడ బట్టలు కుడుతుంది, మంచి మనిషి. "పర్లేదమ్మా, ఎన్నాళ్ళు?" అని అడిగింది. పిన్ని ఆకాశంలోకి చూసింది.

మొదటిసారి రంగు ఆరాక బాబాయి తాతగారిని చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. "చూడండి మామగారూ. తప్పులేమైనా ఉంటే చెప్పండి."

తాతగారు చేతులు వెనక్కి కట్టుకుని, ట్యాంకు మీదికి వంగి, కాసేపు గంభీరంగా పరిశీలించారు. "భేష్! ఒక్క తప్పు లేదు. బిగించేయ్."

బాబాయి మొహం వాడిపోయింది. రెండడుగులు వెనక్కి వేశాడు. తల వాల్చాడు. "ఇంకొక్క కోటు" అన్నాడు.

నేను దగ్గరికెళ్ళి చూసి అదిరిపడ్డాను. ట్యాంకు పక్కన రంగు కొవ్వొత్తి మైనంలా బొట్లుబొట్లుగా కారి గడ్డకట్టి ఉంది! గోడ మీద దోమ వాలిందని గోడంతా గీకి మళ్ళీ వేసే మనిషి చేతిలోంచి వచ్చిన పనేనా ఇది? రెండోసారి ఎడమపక్క గీత మధ్యలోనే ఆగిపోయింది. తాతగారు చూసి "అద్భుతం" అన్నారు. బాబాయి నిట్టూర్చి "ఇంకొక్క కోటు" అన్నాడు. ఆయన చెయ్యి పోయిందని నేనూ పిన్నీ వంటింట్లో గుసగుసగా విచారం ప్రకటించుకున్నాం.

చదరంగం మాత్రం ఆగలేదు. రంగు ఆరేదాకా అని చెప్పి, పని నుంచి రాగానే బాబాయి తన స్కూటరు మీద తాతగారిని కంపోజిటరు ఇంటికి దింపి, ఆట అయ్యేదాకా ఆ అరుగు మీద కునికిపాట్లు పడి, మళ్ళీ తీసుకొచ్చేవాడు.

ఆ తర్వాత చీమ వచ్చింది. నిగనిగలాడే పై కోటు ఇంకా తడిగా ఉండగా ఓ గండుచీమ మీగడరంగు నడిమధ్యకి నడిచివచ్చి, అక్కడే ఇరుక్కుపోయింది.

"బాబాయ్! చీమ!" అని అరిచాను.

"చూశాన్లే."

"తీయవా?"

"ఉండనీరా. దానికి పనుంది" అని, దాని మీద ఇంకో కోటు వేశాడు. చీమ గాజులో పెట్టినట్టు కుదురుకుంది. ఆ రోజు ఆయన భోజనం సరిగ్గా చేయలేదు. మాటిమాటికీ లేచి బాత్‌రూమ్ తలుపు తీసి, చీమను చూసి, పళ్ళు బిగబట్టి తిరిగొచ్చేవాడు.

చివరికి పిన్ని సహనం తెగిపోయింది. "ఏవండీ! ఊరందరి బాత్‌రూముల్లో స్నానం చేశాను. మా నాన్న బండి లేక చిక్కి సగమయ్యారు. బిగిస్తారా, నన్ను పుట్టింటికి పొమ్మంటారా?"

"మీ పుట్టిల్లు ఇక్కడే ఉందిగా, ఆ గదిలో" అన్నాడు బాబాయి భయంభయంగా.

అందరి ముందూ ట్యాంకుని హాల్లో బల్ల మీద పెట్టారు. తాతగారు యథాప్రకారం వంగి, యథాప్రకారం "ఒక్క తప్పు లేదల్లుడూ. ఇవాళ బిగించాల్సిందే" అన్నారు. అప్పుడే తువ్వాలు తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటావిడ తొంగిచూసి అనేసింది.

"అదేంటండీ, ఇంత గండుచీమ కనబళ్ళేదా మీకు?"

బాబాయి మొహం చూడాలి. పళ్ళసెట్టు మింగినవాడిలా అయిపోయాడు. "చీమ కాదండీ! డిజైను! కొత్త ఫ్యాషను!" అన్నాడు గబగబా.

తాతగారు వేలితో ట్యాంకంతా తడిమారు. ఎక్కడా ఏమీ తగల్లేదు, నున్నగా ఉంది. చెవి మీది పెన్సిలు తీసి, దాన్ని కాసేపు చూసి, జేబులో పెట్టుకున్నారు.

"అల్లుడూ" అన్నారు నెమ్మదిగా. "రేపు నీకు తీరికేనా? కళ్ళాసుపత్రికి వెళ్దాం. నీ స్కూటరు మీదే."

లారీ గుద్దినా కదలని మనిషిని చీమ కదిలించింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలట. ఒక కన్ను, ఆ తర్వాత రెండో కన్ను, ఆపరేషన్లు అయ్యాయి. నల్లకళ్ళద్దాలు తీసేసిన రోజు పొద్దున్నే పత్రిక మళ్ళీ రక్తసిక్తమైంది. "వీళ్ళకేం మాయరోగం! బాగుపడ్డారనుకుంటే మళ్ళీ మొదలు!" అని కేకలేస్తూ, తాతగారు అదే ఊపులో ట్యాంకు దగ్గరికి వచ్చారు.

వంగారు. ఆగారు. నోరు తెరిచారు.

"ఓరి నాయనో! ఏమిటయ్యా ఇది? ఇక్కడ కారింది. ఈ గీత పొట్టి. ఇక్కడ బ్రష్షు వెంట్రుక! ఇదీ... అబ్బ, ఇది నిజంగా చీమే!" ఎర్ర పెన్సిలు తీసి తప్పులన్నిటికీ సున్నాలు చుట్టడం మొదలుపెట్టారు. నున్నటి రంగు మీద పెన్సిలు జారుతుంటే కొనను నాలికతో తడిపి మరీ దిద్దారు.

బాబాయి పక్కనే నిలబడి, ఒక్కొక్క సున్నాకీ మురిసిపోతున్నాడు. "ఆ మూల చూశారా మామగారూ? ఆ మూల కూడా ఒకటుంది!" "చూశాను, చూశాను!" "శభాష్!"

పిన్ని కళ్ళు పెద్దవయ్యాయి. భర్తని చూసింది, ట్యాంకుని చూసింది. "అంటే ఇవన్నీ... కావాలనే... ఆయన బండెక్కకుండా ఉండాలనా? నాకైనా ఓ మాట చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే నీ మొహంలో తెలిసిపోతుంది" అన్నాడు బాబాయి. "ఆయన తప్పుని ఇంకొకళ్ళు దిద్దితే బాగోదే. అలవాటు లేదు ఆయనకి."

పిన్ని ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. చప్పుడు గట్టిగానే వచ్చింది గానీ దెబ్బ తగిలినట్టు లేదు. కారిన రంగుని కళ్ళెదురుగా పెట్టుకుని మా బాబాయి అన్నాళ్ళు తిని, పడుకుని, లేవడం ఎంత తపస్సో ఆయన్నెరిగినవాళ్ళకే అర్థమవుతుంది.

తాతగారు దిద్దడం ముగించారు. రెండడుగులు వెనక్కి వేశారు. తల ఓ పక్కకి వాల్చి, కొత్త కన్ను ఒకటి మూశారు.

"ఇంకొక్క కోటు, అల్లుడూ."

బాబాయి జీవితంలో ఆ మాట తనకి ఇంకొకరు చెప్పడం అదే మొదలు. ఆనందంతో గరుకు కాగితం అందుకున్నాడు. "చీమని కూడా గీకేస్తానండీ."

"దాన్ని ముట్టుకోకు. రోజూ బండి తీసేముందు చూస్తాను. కనబడితే నేనే వెళ్తాను. కనబడని రోజు స్కూటరు నువ్వు తీయాలి."

ట్యాంకు బిగించిన సాయంత్రం, తాతగారు వంగి చీమను చూసి, తృప్తిగా తలాడించి, గేటు దగ్గరికి నడిచారు. చెయ్యి చాచారు. చాచిన చెయ్యి మధ్యలో ఆగింది. వెనక్కి తిరిగి, అరుగు మీది నా గొడుగు అందుకుని, దాని కొనతో గేటు తోశారు.

వసారాలో నిలబడి చూస్తున్న బాబాయి నా భుజం పట్టి ఊపేశాడు. "తడి కనిపెట్టేశార్రా!" అన్నాడు. ఆ వెంటనే గేటు వంక చూసి, ఒక కన్ను మూశాడు. నేను ఇంకో గొడుగు కోసం పరిగెత్తాను.