గంగారాం కాక పెట్టిన పసుపు గుర్తులు

నిన్న పొద్దున క్లాసులో ఉండగా ఫ్రెండ్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గంగారాం కాక పోయిండట. హైవే మీద లారీ గుద్దిందట.

నేను నమ్మలేదు.

ఆయన బతికి ఉండగా చెప్పిన మాట ఒక్కటీ నమ్మలేదు. ఆయన గురించి ఎవరో చెబితే ఎలా నమ్ముతాను?

దవాఖాన ముందు ఆయన సైకిల్ చూశాక నమ్మాను. క్యారియర్ క్లిప్పు కింద నోట్‌బుక్ అలాగే ఉంది.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. కాక మాకు చుట్టం కాదు, మా వాడకట్టు మనిషి. గల్ఫ్‌లో ఒక పెద్దింట్లో వంట చేసేవారు. తిరిగొచ్చాక ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తూకం వేసేవారు. ఆ గల్ఫ్ కుటుంబం ఎండాకాలంలో ఇంగ్లండ్‌లోని ఒక పల్లెకి వెళ్లేదట. రెండుసార్లు కాకని కూడా తీసుకెళ్లిందట. అక్కడ ఆదివారం సెలవిచ్చి, ఒక పాత సైకిల్ ఇచ్చారట.

ఈ "అట"ని మా ఊరు ఏనాడూ తీసెయ్యలేదు.

ఒకసారి మా ఇంటి ముందు కూర్చుని చెప్పారు. "అక్కడ కార్లు రాని బాటలుంటయి. సైకిల్ తొక్కెటోళ్ల కోసమే. పాత రైలు పట్టాలు తీసేసి గా జాగల బాట ఏసిండ్రు. స్టేషన్ల చాయ్ హోటల్ పెట్టిండ్రు."

ఆర్మూర్ రైలు కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో మీకు తెలుసు కదా.

"మనకు పట్టాలే రాకపాయె," అన్నారు నాన్న. "వాళ్లు వచ్చిన పట్టాలు పీకి సైకిల్ తొక్కుతున్నరా? జర తక్కువ కొయ్యి గంగారాం."

అందరూ నవ్వారు. కాక కూడా నవ్వారు. అదే నాకు ఇంకా అనుమానంగా అనిపించింది. నిజం చెప్పేవాడికి కోపం రావాలి కదా.

నాకు కొత్త పదాలు రాసుకునే పిచ్చి. డిక్షనరీలో ముందే చూసిపెట్టుకుని, కాకకి టెస్ట్ పెట్టాను. హెడ్జ్ అంటే ఏంది కాకా?

"ముండ్ల చెట్లే బిడ్డా, మనకున్నట్టే. కని అక్కడ బాటకు అడ్డం ఉండయి, పక్కకుంటయి. ఇటో వరుస, అటో వరుస. నడుమ నువ్వు, నీ సైకిల్. ఎనుక హారన్ కొట్టెటోడు ఉండడు."

డిక్షనరీలో ఇంత లేదు.

పోయిన ఏడాది హైవే మీద లారీలు ఎక్కువయ్యాయని నాన్న నా సైకిల్‌కి తాళం వేశారు. ఆటో దొరికిన రోజే కాలేజీ. ఆ మాట కాకతో అన్నాను. ఊరికే అన్నాను, అంతే.

తర్వాతి వారం నుంచి కాక కాల్వ కట్ట మీద, పసుపు చేల మధ్య బండ్ల బాటల్లో తిరగడం మొదలుపెట్టారు. ఆగుతారు. నోట్‌బుక్‌లో రాస్తారు. యార్డులో రాలిన పసుపు పొడి నూనెలో కలిపి, మలుపు దగ్గర రాయికి గుర్తు పెడతారు. ఇంగ్లండ్ బాటల మీద మలుపు మలుపుకీ ఇలాగే సైకిల్ బొమ్మ ఉంటుందట.

మొదటి రాయికి మా నానమ్మ దండం పెట్టుకుంది.

రెండో వారానికి దండాలు పోయి గుసగుసలు వచ్చాయి. హైవే ఫోర్ లైన్ అవుతుంది, బైపాస్ పడుతుంది అని అందరికీ భయం. ఇది సర్వేనే, పసుపు పడ్డ చోటల్లా భూమి పోతుంది అన్నారు.

"ఏం రాస్తుండు గా బుక్కుల?" నాన్న నన్ను అడిగారు.

"నెంబర్లు రాస్తుండు నాయినా."

నేను చూసింది నెంబర్లే. ఏం నెంబర్లు కాకా అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు.

కొన్నాళ్లకే కాల్వ కట్ట మీద మూడు చోట్ల తుమ్మ కంప అడ్డం పడింది. రోజూ అటునుంచే యార్డుకి వెళ్లే కాక సైకిల్ తిప్పుకుని హైవే ఎక్కారు.

నిన్న కూడా.

నిన్న సాయంత్రం నెట్ సెంటర్‌లో ఆ ఇంగ్లండ్ బాటల కోసం వెతికాను. వారానికి రెండుసార్లు అదే కుర్చీలో కూర్చునేదాన్ని, ఎప్పుడూ వెతకలేదు. ఒక ఫొటో పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంది. ముందు పాత రైలు వంతెన. తర్వాత రెండు వైపులా హెడ్జ్. చివరికి బాట, దాని మీద సైకిల్ తొక్కుతున్న ఒక ముసలామె.

పట్టాలు లేవు. కారు లేదు.

అక్కడి నుంచి కాక ఇంటికి వెళ్లేసరికి ఆయన భార్య నోట్‌బుక్ పట్టుకుని ఉంది. "నీ పేరున్నది బిడ్డా," అని ఇచ్చింది.

మొదటి పేజీలో నా పేరు. దాని కింద, కాలేజీ బాట. నేను చూసిన నెంబర్లు మలుపు నుంచి మలుపుకి దూరాలు.

"రెండో తూము కాడ కుక్కలుంటయి, దిగి నడువాలె."

"కల్లు దుకాణం కాడ ఆగొద్దు."

"మక్క చేను దాటినంక బోరు నీళ్లు మంచిగుంటయి."

"మొత్తం ఏడు కిలోమీటర్లు. లారీలు లేవు."

నాన్న సర్వే నెంబర్ల కోసం ప్రతి పేజీ తిప్పారు. మళ్లీ మొదటినుంచి తిప్పారు. దొరకలేదు.

కంప ఎవరు వేశారో ఊళ్లో ఎవరూ చెప్పడం లేదు. నిన్న కాక ఇంటి ముందు నిలబడి అందరి చేతులూ చూశాను. ముళ్ల గీరలు ఉన్నా ఎప్పుడో మానిపోయి ఉంటాయి.

ఆ మూడు కంపల్లో ఒకటి మాత్రం మా చేను పక్కనే ఉంది. మా తుమ్మ కొమ్మలే. ఇంట్లో ఎవరినీ అడగలేదు. నెంబర్లు అన్నది నేనే కదా.

ఈ పొద్దున లేచేసరికి నాన్న లేరు. కాల్వ కట్ట మీదికి వెళ్లాను. మా చేను దగ్గర కంప బాటకి అడ్డంగా లేదు. పక్కకి ఉంది. నాన్నకి మోచేతుల దాకా గీరలు. నన్ను చూసి, జేబులోంచి సైకిల్ తాళంచెవి తీసి ఇచ్చారు.

ఇంకా రెండు చోట్ల అడ్డం ఉంది. ఈ పోస్ట్ చదివే మన ఊరి వాళ్లలో ఆ కంప ఎవరిదో నాకు తెలియదు. అడగను. రేపు పొద్దున అటే సైకిల్ మీద వస్తాను.

కాకా, నువ్వు చెప్పిందంతా నిజమే.

నీ ఎనుక ఇక ఏ హారనూ మోగొద్దు. నిమ్మళంగా పో.